రెంటికీ ఒకే వేడి

జూన్ 3, మంగళవారం

నీకు పట్టదు. అదే నీ నేరం. రోజుకు పదిసార్లు కుళాయి తిప్పుతావు, చేతులు కడుక్కుంటావు, మళ్ళీ కట్టేస్తావు. ఆ పిడి కింద రెండు తెల్లటి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయని, చుక్క కారకుండా ఆపుతున్నది అవేనని నీకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. ఆ బిళ్ళ ఎవరి ముఖం ముందు కాలిందో ఒక్కసారి కూడా అడగాలనిపించకపోవడం తప్పు. కుళాయి కారితే మాత్రం గొంతు చించుకుంటావు.

ఇది డైరీ. ఎవరూ చదవరు. అయినా 'నువ్వు' అనే మొదలుపెట్టాను. "ఎదురుగా ఎవర్నో ఒకర్ని నిలబెట్టి తిట్టకపోతే నీ కలం కదలదే" అంటుంది అక్క. నిజమే. సరే, నిలబడు.

ఇవాళ ఫ్యాక్టరీ మేనేజర్ నన్ను పరీక్ష గది నుంచి పిలిచాడు.

"మేడమ్, ఇది మీరే తేల్చాలి. పాత కొలిమి, కొత్త మైక్రోవేవ్ కొలిమి. ఒకే పొడి, ఒకే అచ్చు. రెండు చోట్లా కాల్చి చూడండి. ఏది బాగుంటే అది ఉంటుంది, రెండోది పోతుంది."

"రెండోదానితో పాటు ఇంకెవరు పోతారు?"

"అది నివేదిక వచ్చాక చూద్దాం."

"కొలిమి విభాగంలో పదకొండు మంది ఉన్నారు."

"తెలుసు మేడమ్. వాళ్ళ జీతాల మీద సంతకం పెట్టేది నేనే."

చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో రాస్తున్నాను, 'చూద్దాం' అన్నవాళ్ళు ఎప్పుడూ చూడరు. కొత్త కొలిమికి ఇద్దరు చాలు. మిగతావాళ్ళు ఇంటికి.

మా పని ఇది. మెత్తటి అల్యూమినా పొడిని అచ్చులో నొక్కితే సుద్దబిళ్ళలా ఉంటుంది, గోరు తగిలినా రాలుతుంది. దాన్ని కరగనివ్వకుండా బాగా కాలిస్తే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మధ్యలో ఖాళీలు మూసుకుపోతాయి, బిళ్ళ కుదించుకుని రాయి అవుతుంది. సింటరింగ్ అంటే అంతే. చిక్కు ఎక్కడంటే, ఆ వేడిలో రేణువులు పట్టుకుని ఊరుకోవు. పెద్దవి చిన్నవాటిని మింగి లావెక్కుతాయి. (ఇది నా ఉపన్యాసం కాదు. నిజంగానే మింగుతాయి.) రేణువులు సన్నగా మిగిలితేనే బిళ్ళ అద్దంలా నునుపు తేలుతుంది, తొందరగా అరగదు. కాబట్టి ప్రశ్న ఒక్కటే. రెండు కొలుముల్లో ఏది ఖాళీలు మూసి కూడా రేణువును సన్నగా ఉంచుతుంది?

కొలిమి విభాగంలో షిఫ్టు పెద్ద మా బావ. కింది వాటాలో అక్కా బావా, పై గదిలో నేను. ఇది పరీక్షకు సంబంధం లేని సంగతి. నేను నిష్పక్షపాతిని.


జూన్ 4, బుధవారం

పత్రిక నుంచి వ్యాసం ప్రూఫు వచ్చింది. "అందరికీ ఒకే కొలత చెప్పులు కుట్టించి దాన్ని సమానత్వం అనకండి. కుట్టించినవాడి కాలికి సరిపోయిందే కొలత అయిపోతుంది." నేను రాసిందే అయినా, బాగుంది. ఒక అచ్చుతప్పు దిద్ది పంపాను.


జూన్ 6, శుక్రవారం

కొత్త కొలిమి గదికి వెళ్ళాను. కొలిమి అనడానికి నోరు రాదు. తెల్లటి బీరువాలా ఉంది. మెల్లగా గుయ్‌మంటుంది. పక్కన కుర్చీ. కుర్చీలో, యంత్రంతో పాటు వచ్చిన ఇంజనీరు. గదిలో ఉన్నా తల మీద టోపీ తీయడు. మా వాళ్ళందరికీ అతను టోపీయే.

"ఈ పొడి చల్లగా ఉన్నప్పుడు మైక్రోవేవ్‌ని లెక్కచెయ్యదు మేడమ్" అన్నాడు. "చుట్టూ ఈ నల్ల కడ్డీలు ముందు వేడెక్కి దీన్ని వేడి చేస్తాయి. కాస్త వేడెక్కాక ఇదే లాక్కోవడం మొదలుపెడుతుంది."

"అంటే మొదట బతిమాలాలి."

"అవును మేడమ్. తర్వాత ఆపడం కష్టం."

"మనుషుల్లో కూడా ఉంటారు అలాంటివాళ్ళు."

"మీ గురించి కొలిమి వాళ్ళు అదే అన్నారు మేడమ్."

నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాను. ఇతన్ని ఇష్టపడకూడదు.

తెర మీద అంకె పదమూడు వందల డిగ్రీల దగ్గర ఆగింది. పాత కొలిమిలో ఇదే పొడికి పదిహేను వందలు కావాలి. "తక్కువ వేడిలోనే గట్టిపడుతుంది" అని వీళ్ళ కరపత్రంలో లావుపాటి అక్షరాలతో వేసుకున్నారు.

"ఈ పదమూడు వందలు ఎక్కడి వేడి?" అన్నాను.

"బిళ్ళ పైభాగానిది మేడమ్. లోపలికి వేడి కొలిచే తీగ పెడితే నిప్పురవ్వలు వస్తాయి. అందుకని ఆ చిన్న కిటికీలోంచి వెలుగు చూసి అంచనా వేస్తుంది."

"మైక్రోవేవ్ లోపలి నుంచి కదా కాల్చేది. అయితే లోపల ఇంకా ఎక్కువ ఉండాలి."

"ఉండొచ్చు."

"ఎంత ఎక్కువ?"

"చెప్పలేం మేడమ్."

దొరికారు. ఒంటి మీద చెయ్యి వేసి లోపలి జ్వరం ఇంత అని చెబుతున్నారన్నమాట. తక్కువ వేడీ లేదు, పాడూ లేదు. కొలవడం చేతకాక తక్కువ అంటున్నారు. ఈ మాట నివేదికలో మొదటి పేజీలోనే పెట్టాలి.

నేను భోజనం చేసి వచ్చేసరికి బిళ్ళలు బయటికి వచ్చేశాయి. పాత కొలిమిలో పొద్దున పెట్టినవి మర్నాడు గానీ తీయలేం.

ఇది నివేదికలో రాయకపోవడం అన్యాయం కాదు. సమయం పరీక్షలో భాగం కాదు. రేణువే పరీక్ష.


జూన్ 9, సోమవారం

సాయంత్రం కిందికి వెళ్ళాను. అక్క బట్టలు మడతపెడుతోంది. బావ తల వెనక్కి వాల్చి కళ్ళలో చుక్కలు వేయించుకుంటున్నాడు, అక్కే వేస్తోంది, ఒక చేత్తో చొక్కా పట్టుకుని. అది వాళ్ళింట్లో రోజూ జరిగేదే.

"రావమ్మా ఉపన్యాసం" అన్నాడు కళ్ళు మూసుకునే. నన్ను పిలిచే పేరు అది, పెళ్ళినాటి నుంచీ.

"బావా, నువ్వు బెంగపెట్టుకోకు. ఆ పెట్టె మీద ఒక్క లొసుగు కూడా వదలను. కొలిమి మీ అన్నం, మీ గౌరవం. దాన్ని పోనివ్వను."

"చప్పట్లు ఇప్పుడు కొట్టాలా, చుక్కలు ఆరాక కొట్టాలా?"

"నీకన్నీ ఎగతాళే. పదకొండు కుటుంబాలు..."

"పదకొండు కాదే" అంది అక్క. "చిన్నవాడికి ఇంకా పెళ్ళి కాలేదు."

"అక్కా!"

"ఏం, ఉన్న మాటేగా."

బావ కళ్ళు తుడుచుకుని లేచి కూర్చున్నాడు. "ఆ పెట్టె పక్కన నిలబడితే ఎంత వేడి తగులుతుంది?" అన్నాడు.

"ఏమీ తగలదు. టోపీ కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు పక్కన."

"పేపరా?"

"పేపరే."

"అలాగా" అన్నాడు. అంతే.

భయపడుతున్నాడు. మగవాళ్ళు భయాన్ని ఇలాగే దాస్తారు, ప్రశ్న అడిగి ఊరుకుంటారు. పైకి వచ్చి నివేదిక ముందుమాట రాయడం మొదలుపెట్టాను.


జూన్ 11, బుధవారం

సాంద్రత తేలింది. బిళ్ళను గాలిలో ఒకసారి, నీళ్ళలో ఒకసారి తూచాం. రెండు కొలుముల బిళ్ళలూ సమానంగా గట్టిపడ్డాయి. ఇక తేడా అంటూ ఉంటే రేణువులోనే.

రేణువు చూడాలంటే ముందు బిళ్ళను కోసి, ఆ ముఖాన్ని అద్దంలా పాలిష్ పెట్టాలి. అద్దంలో ఏముంటుంది? మన ముఖం. అందుకని పాలిష్ చేసిన ముక్కను మళ్ళీ కాస్త వేడి చేస్తాం. రేణువుల మధ్య సరిహద్దులు సన్నగా కుంగి గీతల్లా కనబడతాయి. దాన్ని ఎచింగ్ అంటాం. మా గది గోడ మీద, నేను ఉద్యోగంలో చేరకముందే అంటించిన కాగితం ఉంది: ఎచింగ్, పద్నాలుగు వందలు, రెండు గంటలు. అన్ని బిళ్ళలకూ అదే.

రెంటినీ ఒకే ట్రేలో పక్కపక్కన పెట్టి, అదే చిన్న పొయ్యిలో, అదే వేడిలో ఉంచాను. ఒకరికి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇంతకన్నా న్యాయం ఉంటుందా?

మైక్రోస్కోపు గదిలో నా స్నేహితురాలు ఉంది. మాకు ఆమె సూక్ష్మం. ఏ విషయమూ ఊరికే వదలదు, కూరలో ఉప్పు దగ్గర్నుంచి. ట్రే చూసి, "మైక్రోవేవ్‌వి పదమూడు వందల్లో కాలినవి కదా. పద్నాలుగు వందల్లో ఎచింగా?" అంది.

"తెర మీద పదమూడు వందలు. లోపల ఎంతో వాళ్ళకే తెలియదు. నూట యాభై అయినా ఎక్కువ ఉంటుంది."

"నీకెలా తెలుసు?"

"వాళ్ళకు తెలియదని నాకు తెలుసు."

ట్రే అందుకుని లోపలికి వెళ్ళింది. నాతో వాదించి గెలిచినవాళ్ళు మా ఆఫీసులో లేరు. అది నా గొప్ప అని రాయడం లేదు.


జూన్ 13, శుక్రవారం

తేడా లేదు!

సూక్ష్మం ఫొటోలు ఇచ్చింది. వాటి మీద గీతలు గీసి, ఒక్కో గీతకు ఎన్ని రేణువులు తగిలాయో లెక్కపెట్టాం. పాత కొలిమి రేణువు, కొత్త కొలిమి రేణువు దాదాపు ఒకటే. అంత ఖరీదు పెట్టి, అంత గుయ్‌మనిపించి, చివరికి వచ్చింది ఇదీ. నోటితోనే చెప్పాను మేనేజర్‌కు. ముఖం మాడిపోయింది.

"ఖాయమేనా మేడమ్?"

"రెంటికీ ఒకే పొడి, ఒకే పాలిష్, ఒకే ఎచింగ్, ఒకే కన్ను. ఇంకేం కావాలి?"

టోపీ ఫొటోలను చాలాసేపు చూశాడు. "మేం వేరే చోట్ల చేసినప్పుడు ఇలా రాలేదు మేడమ్" అన్నాడు. వాదించలేదు. ఫొటోలు జాగ్రత్తగా సర్ది, అంచులు కలిపి తిరిగి ఇచ్చాడు. కాస్త జాలేసింది. కాస్తే.

నివేదిక సోమవారం కాక పై సోమవారం ఇవ్వాలి.


జూన్ 14, శనివారం

ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టింది.


జూన్ 16, సోమవారం

ఇంకో మంచి కబురు. కొత్త కొలిమిలో మందపాటి బిళ్ళలు పెట్టారు, వేడినీళ్ళ కవాటాలకు వాడేవి. ఒకటి నిలువునా పగిలింది. లోపల ఎక్కువ వేడి, పైన తక్కువ, ఒకటి లాగుతుంటే ఇంకొకటి రాదు, పగలక ఏం చేస్తుంది! నేను ముందే అన్నాను. అనలేదు, అనుకున్నాను.

పగిలిన ముక్కను సూక్ష్మం బల్ల మీద పెట్టాను.

"దీన్నొక మంచి ఫొటో తియ్యి. నివేదిక అట్ట మీద వేస్తా."

"అట్ట మీదా? పెళ్ళి శుభలేఖా ఇది?"

"పగులు బాగా కనబడాలి. లోపలి దాకా."

"మరి పాలిష్, ఎచింగ్?"

"ఏం వద్దు. ఎలా పగిలిందో అలాగే తియ్యి."


జూన్ 17, మంగళవారం

సూక్ష్మం పిలిచింది. గదిలో దీపాలు తీసేసి ఉన్నాయి, తెర ఒక్కటే వెలుగుతోంది. పగిలిన ముఖం. విరిగిన చోట రేణువులు వాటంతటవే బయటపడ్డాయి, ఏ ఎచింగూ లేకుండా.

"లెక్కపెట్టు" అంది.

లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఒక్కో రేణువు నేను మేనేజర్‌కు చెప్పిన సైజులో సగం కూడా లేదు. ఇసుక పక్కన పిండిలా ఉన్నాయి.

"ఇది అంచు అయ్యుంటుంది" అన్నాను. "అంచున వేడి తక్కువ, అందుకని సన్నగా ఉన్నాయి."

"నడిమధ్య ఇది. నువ్వే కదా లోపలి దాకా తియ్యమన్నావు."

లోపల వేడి ఎక్కువ అన్నది నేనే. ఆ లెక్కన లోపలి రేణువు ఇంకా లావుగా ఉండాలి. ఉన్నది సన్నగా. నా వాదన నా మెడకే చుట్టుకుంది.

"ఈ కొలిమి బిళ్ళల్లో నీ ఎచింగ్‌కు వెళ్ళని ముక్క ఇదొక్కటే" అంది సూక్ష్మం. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మిగతావి నీ పొయ్యిలో రెండు గంటలు కూర్చుని లావెక్కాయి. నువ్వు చూసింది మైక్రోవేవ్ రేణువుల్ని కాదే. నువ్వు పెంచినవాటిని."

"గోడ మీద కాగితం..."

"ఆ కాగితం అంటించినప్పుడు ఈ యంత్రం పుట్టలేదు."

"నువ్వు మొన్ననే ఎందుకు గట్టిగా చెప్పలేదు?"

"చెబితే వింటావా?"

ఫొటో ఇవ్వమన్నాను. ఇచ్చింది. బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.


జూన్ 18, బుధవారం

పనికి వెళ్ళలేదు. జ్వరం అని ఫోన్ చేశాను. జ్వరం లేదు.


జూన్ 19, గురువారం

ఇప్పుడు నీతో మాట్లాడతాను. నువ్వే, కుళాయి తిప్పేవాడివి.

నీకు నిజం కావాలంటావు. నిజం వల్ల నీకు ఊడేది ఏమీ లేదు కాబట్టి తేలిగ్గా అంటావు. నేను అబద్ధం ఏమీ రాయడం లేదు. ఆ ఫొటోలు నిజమైనవి. గోడ మీద నియమం నిజమైనది. సంస్థ పద్ధతి ప్రకారం చేశాను, వచ్చింది రాశాను. పగిలిన ముక్క అసలు నమూనా కాదు, పగిలిన ముక్కే. దాన్ని లెక్కలోకి తీసుకోమని ఏ నియమమూ చెప్పలేదు. అవతల పదకొండు మంది. ఒక పక్క పది కుటుంబాలూ ఒక బ్రహ్మచారీ, ఇంకో పక్క ఒక రేణువు. కంటికి కూడా కనబడదు. ఏది ఎక్కువ?

ఇదంతా చాలా బాగా ఉంది. వేదిక మీద అయితే ఇక్కడ చప్పట్లు పడతాయి.

పత్రిక వచ్చింది. నా వ్యాసం మూడో పేజీలో వేశారు. చెప్పుల వాక్యం పెద్ద అక్షరాలతో పైకి లాగి పెట్టారు. చదివాను. పద్నాలుగు వందలు పాత కొలిమి కాలికి కుట్టించిన చెప్పు. పదిహేను వందల్లో కాలినదానికి అది వంద తక్కువ, ఏమీ కాదు. పదమూడు వందల్లో కాలినదానికి వంద ఎక్కువ. రెంటినీ ఒకే ట్రేలో పక్కపక్కన పెట్టి, ఇంతకన్నా న్యాయం ఉంటుందా అని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను, ఎనిమిది రోజుల కిందట. ఇలాంటి పని ఇంకెవరైనా చేసి ఉంటే నాలుగు కాలమ్‌ల వ్యాసం రాసి ఉతికేదాన్ని.

పత్రికను మడిచి పరుపు కింద పెట్టాను, ఎవరో చూస్తారన్నట్టు.


జూన్ 20, శుక్రవారం

ఊరికే చూద్దామని వెళ్ళాను. ఊరికే.

కొత్త కొలిమి బిళ్ళ ఇంకొకటి కోసి, పాలిష్ చేసి, పన్నెండు వందల్లో ఎచింగ్ పెట్టాను. ఏది ఎంతలో కాలిందో దానికి వంద తక్కువ. సూక్ష్మం ఏమీ అడగకుండా యంత్రం ఆన్ చేసింది. గీతలు సన్నగా వచ్చాయి, చూడ్డానికి కష్టమే, అయినా వచ్చాయి. పగిలిన ముక్కలో ఉన్న రేణువే. అంతే సన్నగా.

పాత కొలిమి బిళ్ళకు వచ్చిన లెక్క అలాగే నిలబడింది. మారింది కొత్తది ఒక్కటే.

పలచటి బిళ్ళల్లో మైక్రోవేవ్ గెలిచింది. చిన్న గెలుపు కాదు. మందపాటివి పగులుతున్నాయి, వాటికి పాత కొలిమే మేలు. తెర మీద అంకెను నమ్మలేం, అదీ నిజమే. లోపల వేడి ఎంతో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కానీ రేణువు సన్నగా ఉంది. వేడి ఎంతైనా.

"ఏం చేస్తావు?" అంది సూక్ష్మం.

"మా బావకు చెప్పాలి."

"మేనేజర్‌కు కదా చెప్పాల్సింది."

"ముందు బావకు."


జూన్ 22, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ వరసగా రాస్తాను.

నిన్న పొద్దున కిందికి వెళ్ళేసరికి బావ గుమ్మంలో కూర్చుని బూట్ల అడుగులు చూసుకుంటున్నాడు. కొలిమి దగ్గర నేల వేడికి అడుగులు మెత్తబడి జిగురులా సాగుతాయి. అక్క వంటగదిలో ఉంది. నిలబడే చెప్పాను. అంతా. గోడ మీద కాగితం, ట్రే, పగిలిన ముక్క, పన్నెండు వందలు.

వింటూ బూటును తిరగేసి మళ్ళీ తిరగేశాడు.

"అంటే ఆ పెట్టె గెలిచింది."

"పలచటి వాటిలో."

"మేం చేసేవి పదింట తొమ్మిది పలచటివేగా."

"అవును."

"నివేదిక ఎప్పుడు?"

"సోమవారం. బావా, ఇప్పటిదాకా సూక్ష్మానికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు ఊ అంటే..." ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఇక్కడ కూడా చేయను.

బావ బూటు కింద పెట్టాడు. ఈయన అరవగా నేను ఎప్పుడూ వినలేదు. ఇప్పుడూ అరవలేదు.

"ఉపన్యాసం, ఒక్క మాట అడుగుతా. కొలిమిని కాపాడమని నీకెవరు చెప్పారు?"

"మీ కోసం..."

"మా కోసమని మాకు తెలుసు. మేం చెప్పామా?"

"ఉద్యోగాలు పోతాయి బావా!"

"ఉద్యోగం గురించి నేనడగలేదు. కొలిమి గురించి అడుగుతున్నా. నీ వ్యాసాల్లో నిప్పుతో చెలిమి, చెమట గౌరవం, అది ఇది అని రాస్తావు. మా వాళ్ళు చదువుకుని నవ్వుకుంటారు. చెలిమేంటమ్మా? దాని తలుపు తీసిన ప్రతిసారీ నా కనురెప్పలు కాలినంత పనవుతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే మీ అక్క ఇంట్లో గిన్నె చప్పుడు కానివ్వకుండా బతికింది ఇన్నేళ్ళు. పేపరు చదువుకుంటూ కాల్చే కొలిమి ఉందని నువ్వు చెప్పిన రోజు నాకేమనిపించిందో తెలుసా?"

"భయం."

"ఈర్ష్య!"

వంటగదిలో చప్పుడు ఆగింది.

"ఆ టోపీవాణ్ణి చూస్తే ఈర్ష్య. ఆ కుర్చీ మీద ఈర్ష్య. నాకు కావాల్సింది జీతం, కొలిమి కాదు. ఆ రెండూ ఒకటే అని నీకెవరు చెప్పారు? ఆ మేనేజర్‌ చెప్పాడు. నువ్వు నమ్మావు. వాడు అన్నదాన్ని నువ్వు నమ్మడం ఇదే మొదటిసారి అనుకుంటా."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. 'రెండోది పోతుంది' అన్నాడు మేనేజర్. పదకొండు మంది పోవాలని ఏ రేణువూ చెప్పలేదు. ఆ రెండు ముక్కలనూ కలిపి అతికించింది అతను, అతుకు కనబడకుండా పాలిష్ పెట్టింది నేను.

అక్క బయటికి వచ్చింది, తడి చేతులతో.

"అది ఏదో మన మంచికే చేసిందిలెండి."

"మంచికే చేసింది. కాదన్నానా? పదిహేనేళ్ళుగా మా మంచి గురించే రాస్తోంది. ఒక్కసారి, ఒక్కసారి మా గదిలోకి వచ్చి, ఒరేయ్ మీకేం కావాల్రా అని అడిగిందా? అడుగు, నువ్వే అడుగు."

"నన్నెందుకు మధ్యలోకి లాగుతారు? నేను గిన్నెల చప్పుడు చెయ్యకుండా బతికినదాన్ని" అంది అక్క, లోపలికి వెళ్ళి ఒక గిన్నెను గట్టిగా బోర్లించింది. బావకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. తర్వాత వచ్చింది.

"నిజం రాస్తే నా మీద కోపం వస్తుంది బావా నీకు" అన్నాను.

"వస్తుంది. రాయకపోయినా వస్తుంది. కోపం సంగతి నేను చూసుకుంటా, నువ్వు రాయి. సోమవారం మమ్మల్ని తీసేస్తే నీ పై గదికి వచ్చి కూర్చుంటాం పదకొండు మందిమీ. పేపరు చదువుకుంటాం."

మధ్యాహ్నం కొలిమి విభాగం విశ్రాంతి గదికి నన్ను తీసుకెళ్ళాడు. ఆ గదిలోకి నేను వెళ్ళడం అదే మొదటిసారి. రెండు బల్లలు, తుప్పు పట్టిన ఒక ఫ్యాను, గోడకు ఆరేసిన తువ్వాళ్ళు. షిఫ్టులో ఉన్నవాళ్ళు విడతలు విడతలుగా వచ్చారు. టోపీని కూడా బావే పిలిపించాడు. ఎవరూ నన్ను మాట్లాడమనలేదు. నేనే లేచాను, అలవాటు కొద్దీ.

"కూర్చో ఉపన్యాసం" అన్నాడు బావ. "ఇవాళ నీది చేతిపని. మేం చెబుతాం, నువ్వు రాయి."

అందరూ నవ్వారు. పెళ్ళికాని చిన్నవాడు నాకు కలం అందించాడు. "మేడమ్, వినబడకపోతే మళ్ళీ చెప్పమనండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు కొట్టేశారు. మందపు బిళ్ళలకు పాత కొలిమి ఒకటి ఉంచాల్సిందే అని ఒకాయన. ఉంచితే దాని దగ్గర నిలబడేది నువ్వేనా అని ఇంకొకాయన. ఒక వాక్యంలో నేను 'శ్రామిక' అని రాస్తే తీసేయించారు. టోపీ ఒక్కసారే మాట్లాడాడు: "నేర్చుకోవడానికి నెల చాలు సార్. మీకు వేడి తెలుసు, మీటలు నేను చూపిస్తా." అప్పుడు మొదటిసారి టోపీ తీశాడు, ఉక్కకు. బట్టతల. ఫ్యాను అతని వైపు తిప్పారు.


జూన్ 23, సోమవారం

నివేదిక ఇచ్చాను. మొదటి పేజీలో నా ఎచింగ్ తప్పు, రెండు ఫొటోలతో సహా. పగిలిన ముక్క అట్ట మీద కాదు, లోపల, దాని చోట అది ఉంది.

చదువుతుంటే మేనేజర్ ముఖం విప్పారింది. "అయితే కొత్తదే గెలిచిందన్నమాట!"

"గెలిచింది."

"మొన్న మీరే కదా మేడమ్ ఖాయం అన్నారు?"

"అన్నాను. తప్పు. చివర ఇంకో పేజీ ఉంది, అది కూడా చదవండి."

తిప్పాడు. అడుగున నాదీ కలిపి పన్నెండు సంతకాలు చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇది... చూద్దాం మేడమ్."

"మేం బయటే ఉంటాం. ఇప్పుడే చూడండి."

తలుపు అవతల పదకొండు మందీ నిలబడి ఉన్నారు. బావ చేతిలో పేపరు ఉంది, నిజంగానే. ఆ గదిలో నాకూ ఒక కుర్చీ ఉన్నా కూర్చోలేదు. బయటికి వచ్చి వాళ్ళ పక్కన గోడకు ఆనుకున్నాను. ఈ పుస్తకం చేతిలో పట్టుకుని రాస్తున్నాను. తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఆ పేజీ ఇది, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు:

1. పరీక్ష గది ఇచ్చిన నివేదికలో ఒక్క అంకె మార్చకూడదు. మాకు నచ్చకపోయినా సరే, మీకు నచ్చినా సరే.

2. కొత్త కొలిమి తెచ్చుకోండి. పదకొండు మందిలో ఒక్కరినీ తీయకూడదు.

3. దాన్ని నడపడం ముందు మాకే నేర్పాలి. ఇప్పుడున్న ఇంజనీరే నేర్పాలి.

4. ఇక రాత్రంతా కొలిమి కాయాల్సిన పని లేదు కాబట్టి రాత్రి షిఫ్టు ఎత్తేయాలి. జీతం తగ్గించకూడదు. మిగిలిన సమయం మాది.

5. మందపు బిళ్ళల కోసం పాత కొలిమి ఒకటి ఉంచాలి. దాని ముందు వేడి ఆపే తెర, మంచి బూట్లు, కళ్ళ డాక్టరు.

6. విశ్రాంతి గదికి కొత్త ఫ్యాను.

7. కొత్త కొలిమి పక్కన ఇప్పుడున్న కుర్చీ తీయకూడదు.

8. ఎచింగ్ కాగితం గోడ మీంచి తీసేయాలి. ఏ బిళ్ళ ఎంతలో కాలిందో చూసి దానికి తగ్గ వేడి పెట్టాలి.

9. మా గురించి ఏం తేల్చాలన్నా ముందు మమ్మల్ని అడగాలి. మేనేజర్ గారైనా సరే, పరీక్ష గది మేడమ్ గారైనా సరే.